అహవా: హీబ్రూలో ప్రేమ అనే మాటకు అసలు అర్థం ఏమిటి?

హీబ్రూ భాషలో ప్రేమను 'అహవా' అంటారు. ఈ మాట గురించి ఇంటర్నెట్‌లోనూ, ప్రసంగాల్లోనూ ఒక వివరణ బాగా ప్రచారంలో ఉంది. అహవాలో ఉన్న 'హవ్' అంటే ఇవ్వడమని, దాని ముందున్న ఆలెఫ్ అనే అక్షరం 'నేను'ను సూచిస్తుందని, కాబట్టి ప్రేమ అనే మాటకు మూలార్థం 'నేను ఇస్తాను' అని ఆ వివరణ చెబుతుంది. వినడానికి ఇది చాలా అందంగా ఉంటుంది, ఇందులోని నీతిని ఎవరూ కాదనలేరు కూడా. అయితే ఇది ఆ మాట పుట్టుకకు సంబంధించిన నిజం కాదు. ఈ వివరణను మూలార్థంగా నమ్మితే, రెండున్నర వేల ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న ఒక మాట మోసుకొచ్చిన అసలు బరువు మన కంటికి ఆనకుండా పోతుంది. అందుకే ఈ చిక్కుముడిని ఓపికగా విప్పి చూడాలి.

హీబ్రూ, అరబిక్, అరామిక్ వంటి సెమిటిక్ భాషల్లో మాటలు సాధారణంగా మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. అచ్చులు, ఉపసర్గలు, ప్రత్యయాలు మారుతూ ఉంటే కాలం, లింగం, పురుష మారతాయి కానీ ఆ మూడు హల్లులు వెన్నెముకలా నిలిచి ఉంటాయి. అహవాకు ధాతువు ఆలెఫ్-హే-బేత్. చివరి బేత్ అచ్చు తరువాత వస్తే 'వ' అని పలుకుతుంది కాబట్టి మనకు 'అహవా' అని వినిపిస్తుంది. ఇందులో ఆలెఫ్ ధాతువులో భాగమే తప్ప ముందు తగిలించిన 'నేను' కాదు. దీనికి రుజువు వ్యాకరణంలోనే ఉంది. 'అతడు ప్రేమిస్తాడు' అని చెప్పడానికి హీబ్రూలో 'యెఎహవ్' అంటారు. అక్కడ 'అతడు' అనే అర్థాన్ని మొదట వచ్చే యోద్ అనే అక్షరం ఇస్తుంది, దాని పక్కనే ఆలెఫ్ కూడా ఉంటుంది. ఆలెఫ్ అంటే 'నేను' అయితే, అతడు ప్రేమించే మాటలో నేను ఎందుకు ఉన్నట్టు?

ఇవ్వడానికి సంబంధించిన 'హవ్' లేదా 'హవా' అనే మాట నిజంగానే హీబ్రూలో ఉంది, కానీ దాని ధాతువు యోద్-హే-బేత్. అరామిక్‌లో ఇవ్వడానికి మామూలుగా వాడే క్రియ కూడా ఇదే. ఈ రెండు ధాతువులూ వేరని తెలుసుకోవడానికి నిఘంటువు కూడా అక్కరలేదు, బైబిల్‌లోని ఆదికాండము 29వ అధ్యాయం చదివితే చాలు. యాకోబు రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేశాడని, ఆమె మీద ఉన్న ప్రేమ వల్ల ఆ ఏళ్లు అతనికి కొద్ది దినాలుగా తోచాయని 20వ వచనం చెబుతుంది. అక్కడి మాట అహవా. ఆ వెంటనే 21వ వచనంలో అతను మామ లాబానుతో 'నా భార్యను నాకు ఇవ్వు' అంటాడు. అక్కడి మాట హవా. మొదటిది ఏడేళ్ల నిరీక్షణను మోస్తున్న నామవాచకం, రెండోది గడువు తీరినవాడు తనకు రావలసినదాన్ని అడిగే ఆజ్ఞార్థక క్రియ. చెవికి దగ్గరగా వినిపించినా రెండూ ఒకే చెట్టు కొమ్మలు కావు.

ఇటువంటి వివరణలు మనకు కొత్తవి కావు. 'గు' అంటే చీకటి, 'రు' అంటే దాన్ని తొలగించేది, కాబట్టి గురువు అంటే అజ్ఞానాన్ని పోగొట్టేవాడు అని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. భాషాశాస్త్రం ప్రకారం గురు అనే సంస్కృత పదానికి మూలార్థం బరువైనది, అందుకే లఘువుకు అది వ్యతిరేకపదం అయింది. అయినా చీకటి తొలగించే వివరణకు బోధలో ఒక స్థానం ఉంది. యూదు సంప్రదాయంలోనూ అంతే. 20వ శతాబ్దపు నీతిబోధకుడు రబ్బీ ఎలియాహు దెస్లర్, మనం ప్రేమించినవారికి ఇస్తామని అనుకుంటాం కానీ నిజానికి ఇచ్చినకొద్దీ ప్రేమ పుడుతుందని బోధించారు. ఇది మనిషి స్వభావాన్ని పరిశీలించి చెప్పిన మాట కాబట్టి ఏ వ్యుత్పత్తి సాయమూ లేకుండానే నిలబడుతుంది. అక్షరాల విలువలు కూడి చెప్పే లెక్క కూడా ఈ కోవలోనిదే. మన కటపయాది పద్ధతిలాగే హీబ్రూ అక్షరాలకూ సంఖ్యలున్నాయి. అహవాలోని అక్షరాల మొత్తం 13, ఒకటి అని అర్థమిచ్చే 'ఎఖాద్' మొత్తమూ 13, రెండూ కలిపితే 26, అది దేవుని నామంలోని నాలుగు అక్షరాల మొత్తం. ధ్యానానికి ఇది ఆలంబన కావచ్చు కానీ చరిత్రకు కాదు. ఆలెఫ్ ఎద్దు బొమ్మ నుంచి, బేత్ ఇంటి బొమ్మ నుంచి వచ్చాయన్నది నిజమే. ఆ బొమ్మలు ఆయా ధ్వనులను గుర్తించడానికి పుట్టినవి. వాటిని వరుసగా పేర్చి మాటలకు అర్థం చెప్పడం ఆ లిపి పనిచేసిన తీరుకే విరుద్ధం.

మరి ఈ ధాతువు ఎక్కడి నుంచి వచ్చింది? హైదరాబాదులో 'మొహబ్బత్' అనే మాట వినేవారికి అహవా దాని అక్కచెల్లెలేమో అనిపించడం సహజం. కాదు. మొహబ్బత్, హబీబ్ అనే అరబిక్ మాటల్లోని హకారం గొంతు లోపలి నుంచి ఒరుసుకుంటూ వచ్చే వేరే హల్లు. హీబ్రూలో దానికి సాటి అక్షరం ఖేత్. ఆ ధాతువుకు హీబ్రూలో తనదైన సంతానం ఉంది: ఆప్యాయతను చెప్పే ఖిబ్బా, ప్రియమైనది అనే అర్థమున్న ఖవీవ్ అక్కడివే. అహవాలోని హే మెత్తని హకారం. తెలుగు లిపిలో రెండూ ఒకలాగే కనబడటం వల్ల ఈ పొరపాటు మనకు మరింత తేలికగా జరుగుతుంది.

అహవాకు నిజమైన బంధువు దొరికిన చోటు సిరియా తీరంలోని ఉగారిత్. 1928లో ఒక రైతు నాగలికి తగిలిన సమాధితో మొదలైన ఆ తవ్వకాల్లో, క్రీస్తుకు పూర్వం 14-12 శతాబ్దాల నాటి మట్టి పలకలు బయటపడ్డాయి. వాటిలోని బాల్ దేవుడి కథలో అతను మేత బయలులో ఒక పడ్డను 'ప్రేమించాడు' అనే చోట ఇదే ధాతువు ఉంది. అక్కడ దాని అర్థం కేవలం శారీరకం. ఆ క్రియలోనూ ఆలెఫ్ ధ్వని స్పష్టంగా రాసి ఉంది కాబట్టి అది ధాతువులో ఆది నుంచీ ఉన్న హల్లేనని మరోసారి రుజువవుతుంది. అరబిక్‌లో గాలి వీచడాన్ని, నిద్ర నుంచి కదిలి లేవడాన్ని చెప్పే 'హబ్బ' అనే క్రియతో దీన్ని ముడిపెట్టి, ఊపిరి వేగంగా ఆడటమనే దశ నుంచి ప్రేమ అనే అర్థం వచ్చి ఉంటుందని కొందరు పండితులు ఊహించారు. అది ఊహగానే మిగిలింది. అంతకంటే వెనక్కి వెళ్లడానికి దారి లేదు. కాబట్టి అహవా అర్థాన్ని ధాతువును చీల్చి వెతకడం మానుకుని, ఆ మాటను వాడినవారు దాన్ని ఎక్కడెక్కడ వాడారో చూడటమే సరైన పద్ధతి.

హీబ్రూ బైబిల్‌లో ఈ ధాతువు సుమారు 250 సార్లు వస్తుంది. మొదటిసారి కనబడేది ఆదికాండము 22వ అధ్యాయంలో. 'నీవు ప్రేమించే నీ కుమారుణ్ణి' తీసుకుని మోరీయాకు వెళ్లి బలి ఇమ్మని దేవుడు అబ్రాహాముతో అంటాడు. ప్రేమ అనే మాట గ్రంథంలో తొలిసారి పలికినప్పుడే అది పోగొట్టుకోవలసినదాని పేరుగా పలికింది. రెండోసారి, ఆ కుమారుడు ఇస్సాకు పెద్దవాడై రిబ్కాను తల్లి గుడారంలోకి తీసుకుని వచ్చి, ఆమెను భార్యగా చేసుకుని, ఆమెను ప్రేమించాడని చెప్పే చోట. అక్కడ క్రియల వరుసను గమనించాలి: పెళ్లి ముందు, ప్రేమ తరువాత. పెద్దలు కుదిర్చిన సంబంధాలు ఎరిగిన మన సమాజానికి ఆ వరుస వింతగా తోచదు. ఆ తరువాత ఇస్సాకు వేట మాంసం రుచి మరిగి ఏశావును ప్రేమించాడని, రిబ్కా యాకోబును ప్రేమించిందని ఒకే వచనంలో వస్తుంది. తండ్రి ప్రేమకు కారణం చెప్పిన కథకుడు తల్లి ప్రేమకు ఏ కారణమూ చెప్పలేదు.

ఈ ఒక్క క్రియ ఎంత దూరం వెళ్తుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నిర్గమకాండము 21వ అధ్యాయంలో, ఏడో ఏట విడుదల కావలసిన దాసుడు వెళ్లనంటే చెప్పవలసిన మాట ఉంది: 'నేను నా యజమానినీ, నా భార్యనూ, నా పిల్లలనూ ప్రేమిస్తున్నాను.' ముగ్గురికీ కలిపి ఒకే క్రియ. రూతు తన అత్త నయోమిని ప్రేమించిందని చెప్పడానికీ అదే మాట. సౌలు కుమార్తె మీకాలు దావీదును ప్రేమించిందనీ అదే మాట చెబుతుంది. ఒక స్త్రీ తాను కోరుకున్న పురుషుణ్ణి ప్రేమించిందని బైబిల్ కథలు నేరుగా చెప్పే చోటు అదొక్కటే. చివరికి, అమ్నోను తన చెల్లెలు తామారుపై పెంచుకుని ఆమెను బలాత్కరించడానికి దారితీసిన కోరికకూ అదే మాట. అతను ఆమెను ప్రేమించిన ప్రేమ కంటే ఆ తరువాత ద్వేషించిన ద్వేషం ఎక్కువైందని ఆ కథ చెబుతుంది. అహవా అంటే స్వచ్ఛమైన త్యాగమేనని వాదించేవారు ఈ అధ్యాయాన్ని తప్పించుకుని పోతారు, కానీ తప్పించుకోకూడదు. ఆ మాట మంచిదా చెడ్డదా అన్నది ఎవరు ఎవరిని ఎలా ప్రేమించారన్న దాన్ని బట్టి తేలుతుంది. క్రీస్తుకు పూర్వం అలెగ్జాండ్రియా యూదులు మొదలుపెట్టిన గ్రీకు అనువాదం కూడా అమ్నోను కోరికకు 'అగాపే' అనే మాటనే వాడింది. అగాపే అంటే దైవిక ప్రేమ మాత్రమేనని గిరిగీయడం కుదరదని దీన్ని బట్టి కూడా తెలుస్తుంది. యూదుల ప్రాచీన ధర్మసంకలనమైన మిష్నాలోని 'పిర్కే అవోత్' అనే భాగం ఈ తేడాను పదాలు మార్చకుండానే పట్టుకుంది: ఏదో ఒకదానిపై ఆధారపడిన ప్రేమ అది పోగానే పోతుంది, దానికి ఉదాహరణ అమ్నోను తామారులు, దేనిపైనా ఆధారపడని ప్రేమ ఎన్నటికీ పోదు, దానికి ఉదాహరణ ప్రాణస్నేహితులైన దావీదు యోనాతానులు. రెండు చోట్లా అక్కడి మాట అహవాయే.

ఇక అసలు చిక్కు ఆజ్ఞ దగ్గర వస్తుంది. 'నీ పూర్ణహృదయముతోను నీ పూర్ణాత్మతోను నీ పూర్ణశక్తితోను' దేవుణ్ణి ప్రేమించమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఆదేశిస్తుంది. యూదులు ఉదయం, సాయంత్రం పఠించే షెమా అనే ప్రార్థనలో ఇది భాగం. ప్రేమను ఎవరైనా ఆజ్ఞాపించగలరా? 1963లో విలియం మోరన్ అనే పండితుడు దీనికి ఒక గట్టి సమాధానం ఇచ్చాడు. ప్రాచీన పశ్చిమాసియా రాజుల ఒప్పందాల్లో, ఉత్తరాల్లో ప్రేమ అంటే రాజకీయ విధేయత అని ఆయన చూపించాడు. ఈజిప్టులోని అమర్నాలో దొరికిన క్రీస్తుకు పూర్వం 14వ శతాబ్దపు ఉత్తరాల్లో, బిబ్లోసు పాలకుడు రిబ్-హద్దా తన నగరంలో సగం మంది శత్రువు కొడుకులను ప్రేమిస్తున్నారని, సగం మంది ఫరోను ప్రేమిస్తున్నారని మొరపెట్టుకుంటాడు. అంటే ఎవరి పక్షాన ఎవరున్నారో చెబుతున్నాడన్నమాట. అక్కడి అక్కాదియన్ క్రియ వేరే ధాతువుదే అయినా వాడుక ఒకటే. క్రీస్తుకు పూర్వం 672లో అస్సూరు రాజు ఎసర్‌హద్దోను తన సామంతుల చేత చేయించిన ప్రమాణంలో, యువరాజు అషుర్‌బనిపాల్‌ను మీ ప్రాణంలా ప్రేమించాలనే షరతు ఉంది. ఈ వెలుగులో చూస్తే, తూరు రాజు హీరాము ఎప్పుడూ దావీదును ప్రేమించేవాడని రాజుల గ్రంథం చెప్పేది ఇద్దరు రాజుల మధ్య ఉన్న మైత్రి సంగతి. దేవుణ్ణి ప్రేమించమనడంలోనూ ఆయన ఒక్కడికే విధేయుడవై, ఆయన ఆజ్ఞలు పాటించమనే అర్థం బలంగా ఉంది. ఈ పద్ధతిలో ద్వేషం కూడా ప్రేమ లేకపోవడాన్ని, పక్కన పెట్టడాన్ని చెప్పగలదు. యాకోబు లేయా కంటే రాహేలును ఎక్కువగా ప్రేమించాడన్న వచనం తరువాత, లేయా 'ద్వేషింపబడినది' అని మూలంలో రావడానికి కారణం అదే.

మోరన్ వాదం చాలా అవసరమైనదే, కానీ అది ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ప్రేమ అంటే కప్పం కట్టే సామంతుడి విధేయత మాత్రమే అయితే, అదే ద్వితీయోపదేశకాండము 7వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలును ఎన్నుకున్న తీరు చెప్పడానికి 'ఖషక్' అనే మాట ఎందుకు వాడుతుంది? ఆదికాండము 34వ అధ్యాయంలో దీనాపై మనసు పడి విడవలేని షెకెముకు వాడిన మాట అది. హోషేయ ప్రవక్త ఇశ్రాయేలు బాలుడిగా ఉన్నప్పుడే తాను ప్రేమించానని దేవుని చేత అనిపించి, 'ప్రేమ బంధాలతో' వారిని నడిపించానని చెప్పించినప్పుడు అక్కడ వినిపించేది చక్రవర్తి గొంతు కాదు, నడక నేర్పిన తండ్రి గొంతు. 12వ శతాబ్దంలో యూదు తత్వవేత్త మైమోనిడీస్, దేవుని పట్ల ప్రేమ ఎలా ఉండాలో చెబుతూ, ఒక స్త్రీ మీద మనసు పెట్టుకుని కూర్చున్నా లేచినా, తింటున్నా తాగుతున్నా ఆమెనే తలచుకునే విరహితో పోల్చారు. అంతకు వెయ్యేళ్ల ముందు, రోమనుల చేతిలో చిత్రహింసల మధ్య షెమా పఠిస్తూ మరణించిన రబ్బీ అకీవా, 'నీ పూర్ణాత్మతో' అంటే ప్రాణం తీసుకుంటున్నా సరే అని తాను జీవితమంతా చెప్పుకున్న అర్థం ఇప్పుడు నెరవేరుతోందని శిష్యులతో అన్నట్లు యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ చెబుతుంది. విధేయత, ఆరాటం రెండూ ఆ మాటలో ఒకేసారి ఇమిడి ఉన్నాయి. ప్రాచీన హీబ్రూలో హృదయమనే మాట ఆలోచనకూ నిర్ణయానికీ కూడా స్థానం కాబట్టి, విధేయతకూ ఆరాటానికీ మధ్య మనం ఇవాళ గీసే గీత వారికి లేదు.

'నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను' అనే లేవీయకాండపు ఆజ్ఞలో ఒక చిన్న వ్యాకరణ విశేషం ఉంది. సాధారణంగా ఈ క్రియకు కర్మ నేరుగా వస్తుంది. ఇక్కడ మాత్రం 'కు, కోసం' అనే అర్థమున్న 'లె' అనే ఉపపదం వచ్చింది, ఈ వాడుక బైబిల్‌లో చాలా అరుదు. అబ్రహాం మలామత్ అనే చరిత్రకారుడు దీన్నిబట్టి, పొరుగువాడి మీద అనుభూతి తెచ్చుకోమని కాక, అతనికి మేలు చేయమని, అక్కరకు రమ్మని దీని భావం అని వాదించాడు. అందరూ ఒప్పుకోకపోయినా, అదే అధ్యాయం 34వ వచనంలో పరదేశిని ప్రేమించమనే ఆజ్ఞలోనూ అదే 'లె' ఉండటం ఆ వాదానికి బలమిస్తుంది. పొలంలో పరిగె వదిలిపెట్టడం, కూలివాడి కూలి తెల్లవారేదాకా ఉంచుకోకపోవడం, తప్పుడు తూకం వాడకపోవడం గురించి ఆ అధ్యాయం మాట్లాడుతోందని గుర్తుంచుకుంటే, అక్కడ ప్రేమ చేతులతో చేసే పని అని ఒప్పుకోక తప్పదు. 'ఇవ్వడం' అనే భావం కావాలనుకునేవారికి అది దొరికే చోటు ఈ వచనాల్లో ఉంది, ఆలెఫ్ అక్షరంలో లేదు.

అహవా చుట్టూ ఉన్న తోటి మాటలు కూడా తెలియాలి. ఖెసెద్ (మన దగ్గర హెసెద్ అని కూడా రాస్తారు) అంటే మాట ఇచ్చిన బంధంలో చివరిదాకా నిలబడే దయ. తెలుగు బైబిల్‌లో 'ఆయన కృప నిరంతరముండును' అనే చోట మూలంలో ఉన్నది ఇదే. రఖమీమ్ అంటే జాలి, కరుణ. దాని ధాతువే గర్భాన్ని చెప్పే 'రెఖెమ్' అనే మాటలోనూ ఉంది. మన వాత్సల్యం వత్సం అంటే దూడ నుంచి వచ్చిందని తెలిసినవారికి, పాలిచ్చే ఆవునూ మోసే తల్లినీ తలచుకుని పుట్టిన ఈ రెండు మాటల సామ్యం మనసుకు హత్తుకుంటుంది. దోదీమ్ అనే బహువచనం శారీరక ప్రేమకు, సరసానికి వాడే మాట. పరమగీతము దానితోనే మొదలై, ప్రేమ మరణమంత బలమైనదని, అగాధ జలాలు కూడా దాన్ని ఆర్పలేవని చెప్పే 8వ అధ్యాయంలో అహవా అనే మాటతో శిఖరానికి చేరుతుంది. ప్రేమకు ఇష్టమయ్యేదాకా దాన్ని లేపవద్దని యెరూషలేము కుమార్తెల చేత మూడుసార్లు ప్రమాణం చేయించేదీ ఆ గీతమే. ఆజ్ఞాపించదగిన అహవా, ఎవరూ ఆజ్ఞాపించలేని అహవా రెండూ ఒకే గ్రంథ సముదాయంలో పక్కపక్కనే ఉన్నాయి.

నేటి ఇశ్రాయేలులో ఈ క్రియ రోజూ నాలుక మీద ఉంటుంది. పురుషుడు స్త్రీతో 'అనీ ఓహేవ్ ఓతాఖ్' అంటాడు, స్త్రీ పురుషునితో 'అనీ ఓహెవెత్ ఓత్‌ఖా' అంటుంది. ఎవరు ఎవరిని ప్రేమిస్తున్నారో లింగంతో సహా తెలియకుండా ఆ వాక్యం తయారు కాదు. వర్తమాన కాలంలో వాడే ఆ రూపం నిజానికి 'ప్రేమించేవాడు', 'ప్రేమించేది' అనే విశేషణం లాంటిది. అదే ఓహేవ్‌తో పుస్తకాలంటే ఇష్టమనీ, ఫలాఫెల్ అంటే ఇష్టమనీ చెబుతారు. ఇది ఇంగ్లీషు ప్రభావం వల్ల వచ్చిన పలుచదనం కాదు. ఆదికాండము 27వ అధ్యాయంలో చూపు మందగించిన ఇస్సాకు, చనిపోయే ముందు తాను 'ప్రేమించే' రుచిగల భోజనం వండి తెమ్మని ఏశావును అడుగుతాడు. తన ఒక్కగానొక్క కుమారుడి పట్ల అబ్రాహాముకున్న ప్రేమను చెప్పిన క్రియే అక్కడా ఉంది. అలా ఆనాడు బలిపీఠం మీద పడుకున్న కుమారుడే ఇప్పుడు ముసలివాడై అదే క్రియతో వేట మాంసం కూర అడుగుతున్నాడు. తెలుగు అనువాదకులు అబ్రాహాము దగ్గర 'నీవు ప్రేమించు ఇస్సాకును' అని, ఇస్సాకు భోజనం దగ్గర 'నాకిష్టమైన' అని రాశారు. మన భాషకు అదే సహజం కూడా. కానీ మూలంలో ఆ కొడుకునీ ఆ కూరనీ కలిపే దారం ఆ ఒక్క చోట తెలుగు పాఠకుడి చేతిలోంచి జారిపోయింది.